మోటుపల్లి రేవు - తెరచాప ఓడల నాటి శాస్త్రము

నెల్లికుదురు వంటి ఊరిలో పుట్టి పెరిగిన విద్యార్థికి సముద్రమంటే భూగోళ పటములోని నీలిరంగు మాత్రమే. మానుకోట ప్రాంతములోని ఆ ఊరి నుండి సూటిగా కొలిచినా బంగాళాఖాతము సుమారు 200 కిలోమీటర్ల దూరము. అక్కడ నీరంటే చెరువు నీరు. పడవ అంటే చెరువులో తిరిగే తెప్ప. అయినా ఏడెనిమిది వందల ఏండ్ల క్రితము ఆ ప్రాంతపు గుడిలో సాయంకాలము వెలిగిన హారతి కర్పూరము ఈ నేలలో పండినది కాదు. ఓరుగల్లు అంతఃపురములో మెరసిన ముత్యము ఏ చెరువులోనూ దొరికినది కాదు. అవి సముద్రము దాటి వచ్చినవి. ఒకటి తెరచాప ఎత్తి దీవుల నడుమ నడిచిన ఓడలలో వచ్చినది. మరొకటి ఊపిరి బిగబట్టి సముద్రపు అడుగుకు దిగిన మనిషి చేతిలో వచ్చినది.

ఆ ఓడలు ఏ గాలితో నడిచినవి? దారి చూపేవారు లేని నడిసముద్రములో దిక్కు ఎట్లు తెలిసినది? ఊపిరి బిగబట్టిన మనిషి ఎంత లోతుకు పోగలడు? ఇవి చరిత్రకు సంబంధించిన ప్రశ్నలే అయినా, వీటికి సమాధానము చెప్పవలసినది భౌతికశాస్త్రము, ఖగోళశాస్త్రము, జీవశాస్త్రము.

కాకతీయుల రేవు

తెలుగువారి సముద్రయానము కాకతీయులతో మొదలు కాలేదు. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో శాతవాహన రాజులు ఓడ బొమ్మ గల సీసపు నాణెములను ముద్రించారు. ఆ ఓడలకు రెండేసి స్తంభములు స్పష్టముగా కనిపిస్తాయి. 1వ శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎర్రసముద్ర యాత్రా గ్రంథములో, మన తూర్పు తీరమున నడిచే పెద్ద ఓడల ప్రస్తావన ఉన్నది. 2వ శతాబ్దికి చెందిన టోలమీ కృష్ణా ముఖద్వార ప్రాంతమును మైసోలియా అన్నాడు. సువర్ణభూమికి పోయే ఓడలు తీరమును విడిచి నడిసముద్రములోకి తిరిగే చోటు ఈ ప్రాంతమునకు ఉత్తరమున ఉన్నదని గుర్తించాడు. సువర్ణభూమి అనగా నేటి మలయా ద్వీపకల్పము, దాని చుట్టుపట్ల దేశములు.

కాకతీయుల కాలము నాటికి ఈ వ్యాపారమునకు ముఖ్యమైన రేవు మోటుపల్లి. అది నేటి బాపట్ల జిల్లాలో చినగంజాము దగ్గర ఉన్న చిన్న ఊరు. దానికి దేశియుయ్యకొండపట్టణమని మరొక పేరు కూడా ఉండేది. అక్కడ దొరికిన చీనా పింగాణీ పాత్రల పెంకులు ఆ రేవు సంబంధములు ఎంత దూరము సాగినవో చెబుతాయి. ఓరుగల్లు నుండి మోటుపల్లికి సూటిగా 260 కిలోమీటర్ల దూరముంటుంది. ఎద్దుబండి రోజుకు 20 కిలోమీటర్లు నడిచినదనుకొంటే, ఏ ఆటంకము లేకున్నను దాదాపు పదమూడు రోజుల ప్రయాణము. అంత దూరములోని రేవును గురించి ఒక మెట్టప్రాంతపు రాజు ఎందుకు ఆలోచించాడు? చెరువులు ధాన్యమును ఇవ్వగలవు కాని గుర్రమును, రాగిని, సీసమును, పట్టును ఇవ్వలేవు. రాజ్యము పెరిగినకొలది సముద్రముతో పని పెరిగినది.

ఓడ పగిలితే సొమ్ము ఎవరిది?

మోటుపల్లి వీరభద్రస్వామి ఆలయములో ఒక రాతి స్తంభమున్నది. దానిపై కాకతి గణపతిదేవుడు శకవర్షము 1166లో, అనగా క్రీస్తుశకము 1244-45లో వేయించిన శాసనము సంస్కృతములోను, తెలుగులోను ఉన్నది. దీనినే అభయశాసనమంటారు.

ఆ శాసనము చెప్పే విషయము ఈనాటి పాఠకునికి ఆశ్చర్యము కలిగిస్తుంది. అంతకు పూర్వము ఒక దేశము నుండి మరొక దేశమునకు పోయే ఓడ తుఫానుకు చిక్కి, దారి తప్పి, పగిలి తీరమునకు కొట్టుకొని వస్తే, ఆ తీరమును ఏలే రాజులు అందులోని సరుకునంతటిని బలవంతముగా తీసుకొనేవారు. బంగారమైనా, ఏనుగులైనా, గుర్రములైనా, రత్నములైనా ఇదే గతి. తుఫాను నుండి ప్రాణముతో బయటపడిన వర్తకుడు ఒడ్డున బిచ్చగాడుగా నిలిచేవాడు. గణపతిదేవుడు ఈ ఆచారమును మానుకొన్నాడు. ప్రాణము కన్న ధనమే గొప్పదని తలచి సముద్రమునకు తెగించిన వారిపై దయతో, కీర్తికొరకు, ధర్మముకొరకు, నియతమైన సుంకము తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నానని ప్రకటించాడు. ఎగుమతికి గాని దిగుమతికి గాని సుంకము ముప్పదింట ఒక వంతు. అనగా నూటికి మూడు రూపాయలకు కొంచెము పైన.

శాసనములో దయ అన్న మాట ఉన్నది. దాని వెనుక లెక్క కూడా ఉన్నది. పగిలిన ఓడను దోచుకొన్న రాజుకు ఒక్కసారి లాభము వస్తుంది. ఆ వార్త తెలిసిన తరువాత ఇతర ఓడలు ఆ తీరమును తప్పించుకొని పోతాయి. నమ్మకము నిలుపుకొన్న రాజుకు ప్రతి ఓడ మీదను ముప్పదింట ఒక వంతు ఏటేటా వస్తుంది.

ఈ అభయము ఎంత విలువైనదో తెలియాలంటే ఆ తీరపు తుఫానుల సంగతి తెలియాలి. 1839 నవంబరులో గోదావరి ముఖమున కోరంగి రేవును తుఫాను ఉప్పెన ముంచివేసినది. 1864 నవంబరు 1న మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. ఈ మూడును నవంబరులోనే జరిగినవి. ఆ నెలలలో సముద్రపు పైనీరు ఇంకా వెచ్చగా ఉంటుంది. దాని నుండి లేచిన ఆవిరి చల్లబడి మేఘమైనప్పుడు విడుదలయ్యే వేడి తుఫానునకు బలము. ఈ భౌతికశాస్త్రము ఆనాటి నావికులకు తెలియదు. ఏ నెలలో లంగరు ఎత్తకూడదో మాత్రము తెలుసు.

గాలి వ్రాసిన పంచాంగము

ఆవిరియంత్రము లేని ఓడకు గాలియే పంచాంగము. వేసవిలో ఆసియా భూభాగము సముద్రము కన్న త్వరగా వేడెక్కుతుంది. ఆ వేడిమికి గాలి తేలికపడి పైకి లేవగా అక్కడ అల్పపీడనము ఏర్పడుతుంది. సముద్రము మీది గాలి అక్కడికి పరుగిడుతుంది. భూమధ్యరేఖను దాటి ఉత్తరమునకు వచ్చే ఆ గాలి, భూమి తన చుట్టు తాను తిరగడము వలన కుడివైపుకు మళ్ళుతుంది. కాబట్టి జూన్ నుండి సెప్టెంబరు వరకు అది మనకు నైరుతి దిక్కు నుండి వస్తుంది. చలికాలములో భూభాగము సముద్రము కన్న త్వరగా చల్లబడుతుంది. గాలి తిరుగుముఖము పట్టి ఈశాన్యము నుండి వీస్తుంది.

వ్యాపార పవనములను, ఋతుపవనములను వేడిమితో వివరించిన మొదటి ప్రసిద్ధ వ్యాసమును ఎడ్మండ్ హేలీ 1686లో ప్రకటించాడు. భూభ్రమణము పాత్రను జార్జి హాడ్లీ 1735లో చేర్చాడు. కాని వారికి పదిహేను వందల ఏండ్లకు ముందే నావికులు ఆ గాలులను నమ్మి సముద్రము దాటారు. కారణము తెలియకముందే క్రమము తెలిసినది. శాస్త్రచరిత్రలో ఇట్టి సందర్భములు చాలా ఉన్నవి.

మోటుపల్లి నుండి సుమత్రా దీవి ఉత్తరపు కొనకు సుమారు 2,000 కిలోమీటర్లు. ఓడ సగటున గంటకు 7 కిలోమీటర్లు నడిచినదనుకొంటే రోజుకు 168 కిలోమీటర్లు. అనగా పన్నెండు రోజుల ప్రయాణము. దారిలో అండమాను, నికోబారు దీవులున్నవి. అండమానులకు దక్షిణమున, నికోబారులకు ఉత్తరమున, 10వ అక్షాంశము వెంట ఒక వెడల్పైన జలమార్గమున్నది. దీవులు కనిపిస్తే నావికునికి రెండు లాభములు: తాను ఎక్కడ ఉన్నాడో తెలుస్తుంది, మంచినీరు, కొబ్బరికాయలు దొరికే ఆశ కలుగుతుంది.

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహము రావచ్చును. నైరుతి గాలి ఈశాన్యమునకు కదా త్రోస్తుంది. సుమత్రా ఆగ్నేయమున ఉన్నది. ఓడ అటు ఎట్లు పోయినది? తెరచాపను గాలికి ఏటవాలుగా నిలిపితే, గాలి దానిని చాపకు లంబముగా ఒత్తుతుంది. ఆ ఒత్తిడిలో కొంత ఓడను ముందుకు, కొంత పక్కకు త్రోస్తుంది. పొడవైన అడుగుభాగము నీటిని కోసికొని ముందుకు సులభముగా జారుతుంది కాని పక్కకు సులభముగా జారదు. చుక్కాని ఓడ ముఖమును నిలుపుతుంది. ఈ విధముగా పక్కగాలితో ఓడ ముందుకు నడుస్తుంది. వేళ్ళ నడుమ నొక్కిన తడి చింతగింజ, వేళ్ళు పక్క నుండి నొక్కినా, ముందుకు ఎగిరిపోవడము ఇట్టిదే.

గాలి తిరిగే వరకు ఓడలు పరాయి రేవులలో నెలల తరబడి ఆగవలసి వచ్చేది. నావికులు అక్కడ ఇండ్లు వేసుకొన్నారు, మాటలు నేర్చారు, కొందరు అక్కడనే నిలిచిపోయారు. కళింగము పేరు మీద మలయా దేశస్థులు మన తీరమువారిని క్లింగులని పిలవడము ఆ పాత రాకపోకల గుర్తు.

దారి చూపిన చుక్క

తీరము కనుమరుగైన తరువాత నావికునికి మిగిలినది ఆకాశము. ధ్రువనక్షత్రము దిగంతము మీద ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో, ఆ చోటి అక్షాంశము సుమారుగా అంతే. మోటుపల్లి దగ్గర అది దాదాపు 16 డిగ్రీలు. సుమత్రా ఉత్తరపు కొన దగ్గర 6 డిగ్రీల లోపు. దక్షిణమునకు 111 కిలోమీటర్లు పోయినకొలది చుక్క ఒక్కొక్క డిగ్రీ క్రిందికి దిగుతుంది. హిందూమహాసముద్రపు నావికులు చిన్న పలకకు ముడులు వేసిన దారము కట్టి, ఆ దారమును పండ్ల మధ్య పట్టుకొని, పలక క్రింది అంచును దిగంతముతోను, పై అంచును చుక్కతోను కలిపి చూచేవారు. ఏ ముడి దగ్గర పలక సరిపోయినదో దానిని బట్టి ఎత్తు తెలిసేది. చేయి చాచి నాలుగు వ్రేళ్ళు అడ్డముగా పట్టితే దాదాపు 7 లేక 8 డిగ్రీలు కప్పుతాయి. నెల్లికుదురు బడి ఆవరణలో నిలిచి ఏ విద్యార్థి అయినా ఈ కొలత చేసి చూడవచ్చును. అక్కడ ధ్రువుడు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఎత్తున, అనగా రెండు పిడికెళ్ళకు కొంచెము తక్కువ ఎత్తున కనిపిస్తాడు.

అయితే ఆనాటి నావికునికి ఈనాటి విద్యార్థికి లేని చిక్కు ఒకటి ఉండేది. భూమి అక్షము తిరిగే బొంగరము వలె మెల్లగా ఊగుతూ సుమారు 26,000 ఏండ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అందుచేత ఖగోళ ధ్రువము చుక్కల నడుమ స్థానము మారుతుంది. నేడు ధ్రువనక్షత్రము నిజమైన ధ్రువమునకు ఒక్క డిగ్రీ లోపలనే ఉన్నది. గణపతిదేవుని కాలములో సుమారు 5 డిగ్రీల దూరమున ఉండి, రాత్రంతా చిన్న వలయములో తిరిగేది. చుక్క వలయము పైన ఉన్నప్పుడు కొలిచినవానికి, క్రింద ఉన్నప్పుడు కొలిచినవానికి దాదాపు 10 డిగ్రీల తేడా వచ్చేది. అంటే మోటుపల్లికి, సుమత్రాకు ఉన్నంత తేడా! కనుక పక్కనున్న చుక్కల నిలకడను చూచి, ధ్రువుడు వలయములో ఎక్కడ ఉన్నాడో తెలిసికొని లెక్కను దిద్దుకోవలసి ఉండేది. ఈ విద్యను తండ్రి కొడుకుకు రాత్రివేళ ఓడ మీదనే నేర్పాడు.

కుట్టిన పడవ, కట్టిన తెప్ప

కోరమండల్ తీరమున సహజమైన ఓడరేవులు అరుదు. తీరము సమముగా ఇసుకతో ఉంటుంది. కెరటములు దూరముననే విరుగుతాయి. పెద్ద ఓడలు లోతైన నీటిలో లంగరు వేసేవి. సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చేది మసులా పడవ. దానికి ఇనుప మేకులుండవు. పలకల అంచులలో రంధ్రములు చేసి, కొబ్బరి పీచు త్రాటితో బట్ట కుట్టినట్లు కుట్టేవారు. మేకు కొట్టిన గట్టి పడవ కెరటము దెబ్బకు, ఇసుక తాకిడికి పగులుతుంది. కుట్టిన పడవ వంగి దెబ్బను ఓర్చుకొంటుంది. మార్కో పోలో పడమటి సముద్రములోని హుర్మూజు రేవున ఇట్టి కుట్టు ఓడలను చూచి, మేకులు లేవని భయపడి నిందించాడు. నడిసముద్రపు తుఫానుకు ఆయన భయము కొంత న్యాయమే. విరిగే కెరటముల తీరమున మాత్రము ఆ పొందికలోనే రక్షణ ఉన్నది.

మత్స్యకారుని తెప్ప ఇంకను సరళమైనది. నాలుగైదు దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టడమే. దానిలో నీరు నిలవదు. దుంగల నడుమ నుండి జారిపోతుంది. నీరు నిండి మునగడమన్న ప్రశ్నయే లేదు, ఎందుకనగా దుంగ తానే నీటి కన్న తేలిక. వేట ముగిసిన తరువాత త్రాళ్ళు విప్పి దుంగలను ఒడ్డున ఎండబెడితే అవి పీల్చిన నీరు పోయి మరల తేలికపడతాయి. ఆర్కిమిడీసు సూత్రమును పుస్తకములో చదవనివారు దానిని రోజూ ఎండలో పరీక్షించారు.

ఆ తెప్పల వెనుక ఒక తీరపు బ్రతుకు నిలిచినది. కృష్ణ, గోదావరి వరదలతో వచ్చే ఒండ్రు, ఖనిజ లవణములు సముద్రములో కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలను పెంచుతాయి. వాటిని తిని చిన్న జీవులు, ఆ చిన్న జీవులను తిని చేపలు పెరుగుతాయి. మెట్టసీమలో కురిసిన వాన వాగై, నదియై సముద్రము చేరి చందువను, వంజరమును పోషిస్తుంది. ఎండుచేప రూపములో ఆ చేప మరల మెట్టసీమ సంతకు వస్తుంది. తెరచాప ఓడలలోని నావికులు కూడ గాలము వేసి చేపలు పట్టుకొనేవారు. గాలి పడిపోయిన రోజులలో గాలమునకు చిక్కినదే వారి కూర.

సముద్రపు అడుగున ఒక నిమిషము

మోటుపల్లి శాసనములో సుంకము కట్టవలసిన సరుకుల పట్టిక ఉన్నది. చందనము, కర్పూరము, చీని కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియాలు, పోకలు మొదలైనవి అందులో కనబడతాయి. ముత్యముల పేరు ఒక్క మాట. ఆ మాట వెనుక ఎంత కష్టమున్నదో చూడవలసియున్నది.

ముత్యములకు పేరు పొందిన చోటు సింహళమునకు, తమిళ తీరమునకు నడుమనున్న మన్నారు సింధుశాఖ. అక్కడి దీవుల చుట్టు, 10 నుండి 18 మీటర్ల లోతున, ముత్యపు చిప్పల పడకలున్నవి. రెండు ఋతుపవనముల నడుమ సముద్రము నెమ్మదించే మార్చి, ఏప్రిల్, మే నెలలు వేటకాలము. మునుగువాడు బరువైన రాతికి కట్టిన త్రాటిని కాలితో పట్టి దిగేవాడు. నడుమునకు మరొక త్రాడు, ఒక సంచి. అడుగు చేరగానే రాతిని విడిచి, చిప్పలను ఏరి సంచిలో వేసి, త్రాడు లాగి సైగ చేయగా పడవ మీదివాడు పైకి లాగేవాడు. ఒక మునక సుమారు ఒక నిమిషము. నేర్పరికి కొంచెము ఎక్కువ. రోజంతా ఇదే పని.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణము చొప్పున పీడనము పెరుగుతుంది. పై గాలితో కలిపి 10 మీటర్ల దగ్గర 2 వాతావరణములు, 20 మీటర్ల దగ్గర 3. పీడనము రెట్టింపయితే వాయువు ఘనపరిమాణము సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో తెలిపాడు. పైన 6 లీటర్ల గాలి నింపుకొన్న ఊపిరితిత్తులలో అదే గాలి 10 మీటర్ల దగ్గర 3 లీటర్లకు, 20 మీటర్ల దగ్గర 2 లీటర్లకు కుదించుకొంటుంది. రొమ్ము నొక్కుకొంటుంది, కర్ణభేరి లోపలికి ఒత్తుకొంటుంది. ముక్కు మూసి గాలిని చెవులలోకి ఒత్తకపోతే కర్ణభేరి చిరిగిపోవచ్చును. గాజు గ్లాసును బోర్లించి బకెట్టు నీటిలోకి నొక్కితే నీరు అంచు దాటి కొంచెము లోపలికి ఎక్కడము తరగతిలోనే చూడవచ్చును. లోతు పెరిగితే నీరు మరింత ఎక్కుతుంది.

ఊపిరి బిగబట్టినప్పుడు ముందుగా బాధించేది ప్రాణవాయువు తరుగుట కాదు, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగుట. అదే ఊపిరి తీయుమని మెదడును తొందరపెడుతుంది. అభ్యాసముతో మునుగువాడు ఆ తొందరను ఓర్చుకొంటాడు. కాని ఓర్పు హద్దు మీరితే స్పృహ తప్పుతుంది. నీటిలో స్పృహ తప్పడమంటే మరణమే. దీనికి తోడు సొరచేపల భయము. మార్కో పోలో వ్రాసిన దాని ప్రకారము, చేపలను మంత్రించి కట్టివేయడానికి వేటకు వెంట మంత్రగాండ్రు వచ్చేవారు. వారికి ఇరువదింట ఒక వంతు, రాజునకు పదింట ఒక వంతు ముత్యములు పోయేవి. మంత్రము సొరచేపను ఆపినదో లేదో కాని, మునుగువాని గుండె దడను కొంత తగ్గించి ఉండవచ్చును.

స్వాతికార్తెలో కురిసిన చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పేవారు. ఇసుకరేణువు చుట్టు ముత్యము పెరుగుతుందన్న మాట పుస్తకములలో చాలాకాలము నిలిచినది. నిజమునకు చిప్ప లోపలి పొర కణములు గాయము వలననో, పరాన్నజీవి వలననో చోటు తప్పి శరీరములోపలికి పోతే, అవి అక్కడ ఒక చిన్న సంచిగా ఏర్పడతాయి. చిప్ప లోపలి మెరుపును తయారుచేసే పదార్థమునే ఆ సంచిలో పొరలు పొరలుగా పోస్తాయి. అది ముఖ్యముగా కాల్షియం కార్బొనేటు, సున్నపురాయిలో ఉన్నదే. పొరలు మిక్కిలి పలుచన కావడము వలన కాంతి వాటిలో చెదరి రంగులు పుట్టిస్తుంది. ఈ రహస్యము తెలిసిన తరువాత ముత్యమును పెంచడము సాధ్యమయినది. జపానులో మికిమొటో 1893లో అర్ధముత్యములను పెంచాడు. మన దేశములో 1973లో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ముత్యములను పెంచగలిగారు. మన్నారు సింధుశాఖలోని 21 దీవుల ప్రాంతము 1986లో సముద్ర జాతీయవనమైనది.

పట్టికలోని పగడము కథ వేరు. అది రాయి వలె కనిపించినా జీవులు కట్టినది. హారములలో కూర్చే ఎర్ర పగడము మధ్యధరా సముద్రములో పెరుగుతుంది. మన తీరమునకు పడమటి నుండి చేతులు మారి వచ్చినది. ఒకే రేవున మధ్యధరా పగడము, మన్నారు ముత్యము, చీనా పట్టు కలిసినవి.

రెండు కర్పూరములు

శాసనము కర్పూరమును, చీని కర్పూరమును వేరు వేరుగా చెప్పడము గమనింపదగినది. ఇది వట్టి పేర్ల తేడా కాదు. సుమత్రా, బోర్నియో అడవులలోని ఒక మహావృక్షపు మ్రాను పగుళ్ళలో స్ఫటికములుగా దొరికేది ఒకటి. చీనా, జపాను దేశముల కర్పూరపు చెట్టు కొయ్యను ఆవిరితో బట్టీపట్టి తీసేది మరొకటి. మొదటి దానిలోని ముఖ్యపదార్థము బోర్నియాల్. దాని అణువులో 10 కర్బన, 18 ఉదజని, 1 ఆమ్లజని పరమాణువులున్నవి. రెండవ దానిలో ఉదజని పరమాణువులు 16 మాత్రమే. రసాయనశాస్త్రము ఈ తేడాను పరమాణువులలో చెప్పడానికి ఆరు వందల ఏండ్ల ముందే, మోటుపల్లి సుంకరి దానిని వాసనతో, కంటితో గుర్తించాడు.

శ్రీనాథుని నాటికి కూడ ఈ వ్యాపారము సాగినది. హరవిలాసమును అంకితము పొందిన అవచి తిప్పయ్యశెట్టి, కొండవీటి కుమారగిరిరెడ్డి కాలమున దీవుల నుండి కర్పూరము, సింహళము నుండి ఏనుగులు, హుర్మూజు నుండి గుర్రములు, చీనా నుండి పట్టులు తెప్పించిన వర్తకుడు. మోటుపల్లి ఆలయములోనే 1358 నాటి అనపోతారెడ్డి శాసనము కూడ ఉన్నది. గణపతిదేవుని తరువాత నూరేండ్లకు పైగా గడిచినా, రాజవంశము మారినా, వర్తకునికి అభయమిచ్చే పద్ధతి మాత్రము నిలిచినది.

విన్నది, చూచినది

మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఆ దేశమును న్యాయముగా పాలించే రాణిని ప్రశంసించి, ఆమె రాజు భార్య అని, అతడు మరణించిన తరువాత రాజ్యము చేసినదని వ్రాశాడు. అది రుద్రమదేవియే, కాని ఆమె గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. చందుపట్ల శాసనమును బట్టి ఆమె 1289లో మరణించినది. పోలో చీనా నుండి సముద్రము మీదుగా ఈ వైపునకు వచ్చినది 1290 తరువాత. కనుక ఆయన వ్రాతలో రేవులలో విన్న మాటలు కలిసినవనుకోవలెను. లోయలోని వజ్రములను గ్రద్దలు మాంసపు ముక్కలతో పైకి తెచ్చే కథ కూడ ఆయన చెప్పాడు. అదే పేజీలలో సాలెగూడు వంటి సన్నని బట్టలను కూడ వర్ణించాడు. మొదటిది కల్పన, రెండవది తెలుగు నేతగాని నిజమైన పనితనము. ఒకే యాత్రికుని మాటలో రెండును ఉంటాయి. వేరుచేయడము చదువరి పని.

తెరచాప మరల లేచినది

కాలక్రమమున రేవులు మారినవి. మోటుపల్లి వెనుకబడి మచిలీపట్నము, ఆ తరువాత కోరంగి ముందుకు వచ్చినవి. కోరంగిలో తెరచాప ఓడలు కట్టేవారు. అక్కడి నుండి బర్మాకు పోయిన తెలుగువారిని ఆ దేశములో కోరంగీలని పిలిచారు. 19వ శతాబ్దిలో ఆవిరి ఓడ వచ్చి గాలి పంచాంగముతో పని లేకుండ చేసినది. ఉప్పెనలు, మేట వేసిన ఇసుక పాత రేవులను పూడ్చినవి.

అయినా విద్య నశింపలేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి 17 మీటర్ల పొడవు గల తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు భారత నౌకాదళపు మహిళా అధికారులు భూప్రదక్షిణకు బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. వారిలో విశాఖపట్నమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. 254 దినముల తరువాత, 2018 మే 21న, వారు సుమారు 21,600 నాటికల్ మైళ్ళు చుట్టి గోవా చేరారు. దారిలో చుక్కాని యంత్రము చెడగా మారిషసు దీవిలో ఆగి బాగుచేసుకొని మరల సాగారు. వారి దగ్గర ఉపగ్రహముల సమాచారమున్నది. శాతవాహన నావికుని దగ్గర ముడుల త్రాడు కూడ ఉన్నదో లేదో. కాని తెరచాపను ఒత్తిన గాలి ఒక్కటే. ఆ గాలికి చాపను ఏటవాలుగా పట్టే సూత్రమూ ఒక్కటే.

మోటుపల్లి స్తంభము మీద రాజు పేరున్నది, సరుకుల పేర్లున్నవి, సుంకమున్నది. చుక్కాని పట్టినవాని పేరు లేదు. మన్నారు నీటిలో ఒక నిమిషము ఊపిరి బిగబట్టినవాని పేరు లేదు. అయినా ఆ శాసనము వ్రాయించినది వారి సాహసమే. ఓడ పగిలినవాని సొమ్ము ఓడవానిదే అన్న ఒక్క మాటతో సముద్రపు భయములో కొంత భాగమును ఒక మెట్టసీమ రాజు తీర్చగలిగాడు. తుఫానును ఆపే శక్తి ఏ రాజుకూ లేదు. ఒడ్డున జరిగే అన్యాయమును ఆపే శక్తి మాత్రము ఉన్నది.

నెల్లికుదురులో వానాకాలము చెరువు అలుగు పారేటప్పుడు ఆ నీరు ఎక్కడికి పోతున్నదని విద్యార్థి అడిగితే, ఉపాధ్యాయుడు పటము విప్పి వాగును, నదిని, సముద్రమును చూపవచ్చును. ఆ వ్రేలిని తీరము దగ్గర ఆపక, 10వ అక్షాంశము వెంట దీవుల నడుమ నుండి ముందుకు నడపవచ్చును. ఓరుగల్లుకు కర్పూరము వచ్చిన దారి అదే.